గణిత కవి పావులూరి మల్లన

తెలుగు వాఙ్మయ చరిత్రలో పదకొండవ శతాబ్దం అనగానే మనకు నన్నయ భట్టారకుడు స్ఫురిస్తాడు. వేంగీ చాళుక్య ప్రభువైన రాజరాజ నరేంద్రుడు (1022–1061) రాజమహేంద్రవరం రాజధానిగా పరిపాలన సాగించిన రోజులవి. ఆ ప్రభువు కోరికపై నన్నయ మహాభారతాంధ్రీకరణానికి పూనుకొని తెలుగు కవితకు రాజమార్గం వేశాడు. ఇంచుమించు ఆ యుగంలోనే మరొక కవి మరొక సంస్కృత గ్రంథాన్ని తెలుగు చేయటానికి సంకల్పించాడు. ఆ గ్రంథంలో కథ లేదు. నాయకుడు లేడు. యుద్ధ వర్ణనలు గాని, ఋతు వర్ణనలు గాని లేవు. అందులో ఉన్నవి గుణకార భాగహారాలు, వర్గాలు, ఘనాలు, భిన్నాలు, క్షేత్రఫలాలు. ఆ కవి పావులూరి మల్లన. ఆయన రచించిన గ్రంథం సారసంగ్రహ గణితం. లోకం దానిని పావులూరి గణితమని వ్యవహరించింది. తెలుగులో వెలసిన తొలి గణిత గ్రంథమనే ప్రతిష్ఠ దానిదే.

ప్రాచీన కవుల జీవిత విశేషాలు మనకు విస్తారంగా లభించవు. వారు తమ గ్రంథాలలో తమను గూర్చి చెప్పుకొన్న నాలుగు మాటలే మనకు ఆధారం. మల్లన విషయంలోనూ అంతే. ఇంటిపేరును బట్టి ఆయన వంశీయుల గ్రామం పావులూరు. అది కమ్మనాటిలోనిది. నేటి గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పరిసర ప్రాంతం ఆనాటి కమ్మనాడు. మల్లన శివభక్తుడు. ఆయన తాతగారి పేరు కూడ మల్లనయే. తాత పేరు మనుమనికి పెట్టుకొనటం తెలుగువారి ఆచారం. ఆ ఆచారమే తరువాతి పండితులకు ఒక చిక్కు తెచ్చిపెట్టింది. రాజరాజ నరేంద్రుడు మల్లనకు పిఠాపురం సమీపంలోని నవఖండవాడ గ్రామాన్ని దానం చేసినట్లు గ్రంథంలో ఉంది. ఆ దానాన్ని స్వీకరించినవాడు గ్రంథకర్తయే అని కొందరు, గ్రంథకర్త తాతయని మరికొందరు అభిప్రాయపడ్డారు. మొదటి అభిప్రాయం ప్రకారం మల్లన నన్నయకు సమకాలికుడు. రెండవ అభిప్రాయం ప్రకారం ఆయన రెండు తరాలు తరువాతివాడు. అప్పుడు ఆయన కాలం రాజరాజు కుమారుడు కులోత్తుంగ చోళుని పరిపాలన వైపు జరుగుతుంది. ఏది నిజమైనా మల్లన తెలుగు కావ్యభాష తొలి అడుగులు వేస్తున్న దశకు చెందినవాడనటంలో సందేహం లేదు.

కులోత్తుంగుని పేరు విశాఖ ప్రాంతీయులకు కొత్తది కాదు. 1070లో చోళ సింహాసనాన్ని అధిష్ఠించిన ఈ వేంగీ రాజకుమారుని పేరిట విశాఖపట్టణానికి కులోత్తుంగచోళపట్టణమనే వ్యవహారం ఆనాటి శాసనాలలో ఏర్పడింది. సింహాచల క్షేత్రంలో లభించిన శాసనాలలో మొదటిది ఆయన కాలానిదే. ఓడల మీద సరుకు వచ్చే పట్టణం, వర్తకులు, ఆలయాలకు భూదానాలు, పన్నులు, కొలతలు – ఇవన్నీ ఉన్నచోట లెక్క తప్పనిసరి. పొలం కొలిచే కరణం లెక్క తప్పితే రైతు లేని నేలకు పన్ను కట్టవలసి వస్తుంది. వడ్డీ కట్టే తీరు తెలియనివాడు అప్పు తీర్చలేక ఆస్తి పోగొట్టుకొంటాడు. ఆ లెక్కలు నేర్పే శాస్త్రమంతా సంస్కృతంలో ఉండేది. సంస్కృతం రాని కరణానికి, వర్తకునికి, రైతుకు ఆ శాస్త్రం అందే దారి ఏది? మల్లన రచన ఆ ప్రశ్నకు సమాధానం.

మల్లన ఎన్నుకొన్న మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు. మాన్యఖేటం రాజధానిగా పాలించిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో ఆయన ఈ గ్రంథాన్ని రచించాడు. అంతకు పూర్వం మన దేశంలో గణితం ప్రాయికంగా జ్యోతిశ్శాస్త్రానికి అంగంగా ఉండేది. ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గ్రహగతులను నిరూపించే గ్రంథాలలో గణితాన్ని ఒక భాగంగా చేర్చారు. మహావీరుడు గణితానికే ప్రత్యేకంగా ఒక గ్రంథాన్ని కేటాయించాడు. పాకశాస్త్రం, వైద్యం, సంగీతం, వాస్తు, ఛందస్సు, తర్కం, వ్యాకరణం మొదలైన విద్యలన్నింటికీ గణితం ఆవశ్యకమని ఆయన గ్రంథారంభంలో ప్రతిపాదించాడు. ఈ గ్రంథాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదంతో 1912లో ప్రకటించారు. అప్పుడు గాని దీని విలువ ప్రపంచానికి తెలియలేదు. కాని తెలుగువారు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే దానిని తమ భాషలో చదువుకొన్నారు. ఆ భాగ్యం మల్లన కలిగించినదే.

మల్లన అనువాదం మక్కికి మక్కి అనువాదం కాదు. మూలంలో మహావీరుడు జైన సంప్రదాయానికి చెందిన ఉదాహరణలను విరివిగా వాడాడు. శివభక్తుడైన మల్లన వాటి స్థానంలో శైవ సంప్రదాయానికి తగిన ఉదాహరణలను కూర్చాడు. నియమాన్ని మార్చలేదు, నియమాన్ని నిలిపే దృష్టాంతాన్ని తన పాఠకునికి పరిచితమైనదిగా మార్చాడు. భారతాన్ని తెలిగించిన నన్నయ సైతం మూలాన్ని యథాతథంగా దించక తెలుగువారి అభిరుచికి అనుగుణంగా తీర్చాడు. ఒకరు ఇతిహాసంలోను, మరొకరు శాస్త్రంలోను అనుసరించిన పద్ధతి ఒకటే.

ఇక ఆ శాస్త్రంలోని ఒక విషయాన్ని కొంత వివరంగా పరిశీలిద్దాం. మహావీరుడు చెప్పిన ఎనిమిది పరికర్మలలో నాలుగు – వర్గం, వర్గమూలం, ఘనం, ఘనమూలం – ఘాతాలకు సంబంధించినవి. ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వర్గం. మరొకసారి గుణిస్తే ఘనం. ఈ గుణకారం ఎన్నిసార్లు సాగినా దానిని ఘాతం అంటాం. 5ను మూడుసార్లు వ్రాసి గుణిస్తే 125 వస్తుంది. ఇక్కడ 5 భూమి, 3 ఘాతాంకం. భూమికి కుడివైపు పైభాగాన చిన్న అంకెగా ఘాతాంకాన్ని వ్రాసే నేటి పద్ధతి ఫ్రెంచి తాత్త్వికుడు రెనే డెకార్ట్ 1637లో ప్రకటించిన జ్యామితి గ్రంథంతో వ్యాప్తిలోకి వచ్చింది. మల్లన నాటికి ఆ గుర్తు లేదు. గుర్తు లేకపోయినా భావం ఉంది. ఆ భావాన్ని మోయగల మాట ఉంది.

కూడికలో పెరగటం వేరు, ఘాతంలో పెరగటం వేరు. చదరమైన పొలం భుజాన్ని రెండింతలు చేస్తే నేల రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అది వర్గం. ఉక్కునగరంలో ఉండే విద్యార్థి ఘనాన్ని ఇలా ఊహించుకోవచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు ఉన్న ఉక్కు దిమ్మె బరువు సుమారు 7.85 టన్నులు. మూడు కొలతలనూ రెండేసి మీటర్లు చేస్తే బరువు రెండింతలై 15.7 టన్నులు అవుతుందని తొందరపాటుగా చెబుతాం. కాని నిజానికి అది ఎనిమిదింతలై 62.8 టన్నులకు చేరుతుంది. ఈ భేదం తెలియని కరణం పొలం కొలతలో, వర్తకుడు బరువు అంచనాలో నష్టపోక తప్పదు.

ఘాతాల నియమాలలోని అందాన్ని మహావీరుడు చక్కని సంఖ్యలతో చూపాడు. ఎటునుంచి చదివినా ఒకే విధంగా ఉండే లబ్ధాలను ఆయన హారాలుగా భావించాడు. 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది. అంకెలు ఒకటి నుంచి ఆరు వరకు మెట్లెక్కి తిరిగి ఒకటికి దిగివస్తాయి. ఈ వింత వెనుక ఉన్న రహస్యం ఘాతమే. 441 అనేది 21కి వర్గం. 27994681 అనేది 5291కి వర్గం. 21ని 5291తో గుణిస్తే 111111. కాబట్టి రెండు వర్గాల లబ్ధం 111111కు వర్గం అయింది. రెండు సంఖ్యల వర్గాల లబ్ధం ఆ సంఖ్యల లబ్ధానికి వర్గంతో సమానమని నేటి పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం ఈ హారంలో దారం వలె దాగి ఉంది.

మల్లన పేరు చెప్పగానే గణితజ్ఞులకు, సాహితీపరులకు సమానంగా గుర్తుకు వచ్చే పద్యం ఒకటుంది. అది చదరంగపు గళ్ళకు సంబంధించినది. చదరంగపు బల్ల మీద ఎనిమిది వరుసలలో ఎనిమిదేసి చొప్పున 64 గళ్ళు ఉంటాయి. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా ప్రతి గడిలోను ముందు గడికి రెట్టింపు వేస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయి? చదరంగాన్ని కనిపెట్టిన మేధావి రాజును ఈ బహుమానమే కోరాడని, రాజు అది అత్యల్పమని నవ్వాడని ఒక కథ లోకంలో ప్రచారంలో ఉంది. ఈ లెక్క దేశాంతరాలలోనూ పండితులను ఆకర్షించింది. మధ్య ఆసియాకు చెందిన మహా పండితుడు అల్ బిరూనీ (973–1048) కూడ దీనిని గణించి సరియైన ఫలితాన్ని గ్రంథస్థం చేశాడు. ఇంచుమించు ఆ శతాబ్దంలోనే గోదావరీ మండలంలో అదే ఫలితం తెలుగు పద్యమైంది.

లెక్క నడిచే తీరును చూద్దాం. మొదటి నాలుగు గళ్ళలోని 1, 2, 4, 8 కలిపితే 15. ఐదవ గడిలో పడేవి 16. అంటే అంతవరకు పడిన మొత్తం ఎప్పుడూ తరువాతి గడి కంటే ఒకటి తక్కువ. కనుక 64 గళ్ళ మొత్తం 2 యొక్క 64వ ఘాతంలో నుంచి ఒకటి తీసివేసినంత. మొదటి వరుస పూర్తయ్యేసరికి పడేవి 255 గింజలు మాత్రమే, గుప్పెడైనా నిండదు. 21వ గడిలో పది లక్షలు దాటుతాయి. సగం బల్ల, అనగా 32 గళ్ళు, పూర్తయ్యేసరికి మొత్తం 4,29,49,67,295. గ్రాముకు 40 బియ్యపు గింజలు తూగుతాయనుకొంటే ఇది దాదాపు 107 టన్నులు. ఏ ధనికుడైనా ఇచ్చుకోగలిగినంతే. రాజు నవ్వింది అందుకే. కాని అసలు భారమంతా రెండవ సగంలో ఉంది. 64 గళ్ళకు మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఇందులో చివరి గడి ఒక్కటే మిగిలిన 63 గళ్ళ మొత్తం కంటే ఒక గింజ ఎక్కువ.

ఈ సంఖ్య ఎంత పెద్దదో విశాఖ రేవులో నిలబడి ఊహించవచ్చు. 1933లో ఆరంభమైన ఈ రేవుకు లక్ష టన్నుల సరుకు మోసే ఓడలు వస్తాయి. పై లెక్కన చదరంగపు బియ్యం బరువు సుమారు 46,000 కోట్ల టన్నులు. దానిని తరలించటానికి అటువంటి ఓడలు 46 లక్షలు కావాలి. రోజుకొక ఓడ చొప్పున నింపి పంపినా ఆ పని ముగియటానికి 12,600 సంవత్సరాలు పడుతుంది. ప్రపంచంలోని రైతులందరూ నేడు ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన ఉంటుంది. ఇంత పంట మల్లన కాలం నుంచి ప్రతి సంవత్సరమూ పండి, ఒక్క గింజయైనా ఎవరూ తినకుండా దాచి ఉంటే ఈనాటికి ఆ బల్ల నిండేది. రెట్టింపు అనే చిన్న మాటలో దాగిన శక్తి ఇది. అప్పు మీద వడ్డీకి వడ్డీ పెరిగే తీరు, అంటువ్యాధి ఒకరి నుంచి ఇద్దరికి వ్యాపించే తీరు ఈ కోవకు చెందినవే. మొదటి గళ్ళను చూసి నవ్వినవాడు చివరి గళ్ళ దగ్గర తప్పక చిక్కుకొంటాడు.

ఇంత పెద్ద సంఖ్యను పద్యంలో ఎలా ఇమడ్చటం? ఇరవై అంకెల పేర్లను వరుసగా పేర్చితే అది పద్యం కాదు. మల్లన ఇందుకు భూతసంఖ్యా పద్ధతిని ఆశ్రయించాడు. లోకంలో నియత సంఖ్యలో ఉన్న వస్తువుల పేర్లను అంకెలకు బదులుగా వాడటమే ఈ పద్ధతి. ఆకాశం శూన్యం, అనగా సున్న. చంద్రుడు ఒకటి. నేత్రాలు రెండు. అగ్నులు మూడు. వేదాలు, సముద్రాలు నాలుగు. మన్మథుని బాణాలు ఐదు. తర్కాలు ఆరు. పర్వతాలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది. శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. శాసనాలలో శకవర్షాలను తెలపటానికి కూడ ఈ పద్ధతిని వాడేవారు. ఇందులో అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు చెప్పుకొంటూ పోవాలి. కనుక చదరంగపు లెక్కలో మొదట వచ్చేది ఒకట్ల స్థానంలోని ఐదు, అనగా బాణం. చిట్టచివర వచ్చేది ఎనిమిదిని తెలిపే ఏనుగు, ఒకటిని తెలిపే చంద్రుడు. నడుమ సముద్రాలు, పర్వతాలు, వేదాలు, అగ్నులు బారులు తీరుతాయి. లెక్క తెలియనివాడు వింటే ప్రకృతి వర్ణనగా భ్రమించే అవకాశముంది. తెలిసినవాడికి ఇరవై అంకెలూ ఒక్కటి కూడ జారకుండా చేతికి వస్తాయి.

ఈ పద్ధతిలో మరొక ప్రయోజనం ఉంది. తాటియాకు మీద అంకె వ్రాస్తే ఒక గీత చెరిగినా సంఖ్య మారిపోతుంది. మారిందని తెలుసుకొనే దారి ఉండదు. పద్యంలో పదం జారిపోతే గణం తప్పుతుంది, యతి చెడుతుంది, ప్రాస తప్పుతుంది. చదివేవాడు అక్కడే ఆగిపోతాడు. ఛందస్సు ఇక్కడ అలంకారం మాత్రమే కాదు; సంఖ్యకు కాపలాదారు కూడ. ముద్రణ యంత్రం లేని కాలంలో ఇరవై అంకెల సంఖ్య శతాబ్దాలు దాటి నిర్దుష్టంగా మనకు చేరటానికి ఆ కాపలాయే కారణం.

ఆ పద్యం చంపకమాల వృత్తంలో ఉంది. చంపకమాల పాదానికి న, జ, భ, జ, జ, జ, ర గణాలు, 21 అక్షరాలు. ఛందశ్శాస్త్రాన్ని ఇంతవరకు వ్యాకరణ పాఠంగా చదివిన విద్యార్థులు దానిలోని గణితాన్ని కూడ గమనించాలి. ప్రతి అక్షరం గురువు కావచ్చు, లఘువు కావచ్చు. ఒక అక్షరానికి రెండు అవకాశాలు. రెండు అక్షరాలకు నాలుగు. మూడు అక్షరాలకు ఎనిమిది. మనం చదివే మగణాది అష్టగణాలు ఇవే. ఈ లెక్కన 21 అక్షరాల పాదానికి 2 యొక్క 21వ ఘాతమన్ని, అనగా 20,97,152 వృత్తాలు సాధ్యమవుతాయి. వాటిని ప్రస్తారక్రమంలో వరుసగా పేర్చితే చంపకమాల 7,11,600వ వృత్తం. ఈ వరుస సంఖ్యను కనుగొనటం కష్టం కాదు. పాదంలోని అక్షరాల క్రింద 1, 2, 4, 8 అని రెట్టింపు సంఖ్యలను వ్రాసి, లఘువుల క్రింద పడినవాటిని మాత్రమే కూడి, ఒకటి కలపాలి. విద్యార్థులు స్వయంగా చేసి చూడవచ్చు. చదరంగపు గళ్ళలో పడిన రెట్టింపు గింజలే పద్యపాదంలోని అక్షరాల క్రింద కూడ పడుతున్నాయి. ఘాతాన్ని వర్ణించిన పద్యం ఘాతాల మీదనే నడిచింది.

ఇంత పెద్ద ఘాతాన్ని గణించటానికి 63 సార్లు రెట్టింపు చేయనక్కరలేదు. ఛందశ్శాస్త్రకర్త పింగళుడు, తరువాత మహావీరుడు దీనికి ఒక సులభమైన ఉపాయాన్ని చెప్పారు. ఘాతాంకం సరిసంఖ్య అయితే దానిని సగం చేయాలి, బేసిసంఖ్య అయితే ఒకటి తీసివేయాలి. ఒకటి మిగిలేవరకు ఇలా తగ్గించుకొంటూ వచ్చి, తిరుగు దారిలో సగం చేసినచోట వర్గం కట్టాలి, ఒకటి తీసినచోట భూమితో గుణించాలి. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 – ఆరు మెట్లు. కనుక 2 నుంచి ఆరు వర్గాలు కడితే చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆరవసారి 18446744073709551616. అందులో ఒకటి తీసివేస్తే మల్లన పద్యంలోని సంఖ్య. 21వ ఘాతానికైతే 2, 4, 16 అని రెండు వర్గాలు కట్టి, 2తో గుణించి 32 చేసి, మళ్ళీ వర్గం కట్టి 1024, మరొకసారి వర్గం కట్టి 10,48,576, చివర 2తో గుణించి 20,97,152 చేరవచ్చు. నేటి కంప్యూటర్లు పెద్ద ఘాతాలను గణించే తీరు మౌలికంగా ఇదే. అంతే కాదు, 64 బిట్లలో ఇమిడే పూర్ణసంఖ్యలలో అన్నింటికంటె పెద్దది సరిగా మల్లన చెప్పిన సంఖ్యయే.

మల్లన జీవితంలోని సంఘటనలు మనకు ఎక్కువగా దక్కలేదు. ఆయన ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ చదువుకొన్నాడో, ఎప్పుడు కన్నుమూశాడో చెప్పే శాసనం లేదు. దానం పొందినది తానా, తన తాతా అన్న చర్చ కూడ తెగలేదు. కాని ఆయన చేసిన పని విషయంలో చర్చకు తావులేదు. ఆయన కాలానికి తెలుగులో శాస్త్రరచనకు దారి లేదు. పారిభాషిక పదాలు తెలుగు వాక్యంలో ఒదుగుతాయో లేదో, లెక్కలు తెలుగు వృత్తాలలో నిలుస్తాయో లేదో తెలుసుకొనటానికి ముందు చేసినవారు లేరు. కావ్యభాషయే ఇంకా రూపు దిద్దుకొంటున్న కాలంలో ఆయన ఆ భాషపై పూర్తి విశ్వాసముంచి శాస్త్రభారాన్ని దానిపై మోపాడు. భాష ఆ భారాన్ని మోసింది.

కవిత్వం చదివేవారికి గణితం రాదని, గణితం చదివేవారికి కవిత్వం అక్కరలేదని అనుకొనేవారు నేడు అనేకులు. శాస్త్రం మాతృభాషలో ఇమడదనేవారు కూడ లేకపోలేదు. ఈ రెండు అభిప్రాయాలకూ పావులూరి గణితమే ప్రత్యుత్తరం. విశాఖ నుంచి రాజమహేంద్రవరం వెళ్ళే రైలు తుని, అన్నవరం దాటిన తరువాత పిఠాపురం మీదుగా సాగుతుంది. నవఖండవాడ ఆ పరిసరాలలోనిదే. ఒక రాజు లెక్కలు తెలిసిన కుటుంబాన్ని గౌరవించి నేల ఇచ్చిన చోటు అది. ఆ దారిన పోయే విద్యార్థులు కిటికీలో నుంచి ఆ పొలాలను చూసినప్పుడు, గింజను రెట్టింపు చేస్తూ పోయి లోకాన్ని నింపిన తెలుగు పద్యాన్ని స్మరించటం సముచితం.

కఠిన పదాలు – అర్థాలు

వాఙ్మయం : సాహిత్యం
పరికర్మ : గణితంలోని ప్రాథమిక ప్రక్రియ
ఘాతం : ఒక సంఖ్యను దానితోనే పలుమార్లు గుణించగా వచ్చే ఫలం
ఘాతాంకం : ఆ సంఖ్యను ఎన్నిసార్లు వ్రాసి గుణించాలో తెలిపే అంకె
దృష్టాంతం : ఉదాహరణ
ప్రస్తారం : గురులఘువులను క్రమంగా మార్చుతూ వృత్తాలను పేర్చే పద్ధతి
భూతసంఖ్య : అంకెను వస్తువు పేరుతో సూచించటం
నిర్దుష్టం : దోషం లేనిది

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. మల్లన కాలం విషయంలో పండితులకు అభిప్రాయభేదం ఏర్పడటానికి కారణమేమి?
2. మల్లన అనువాదంలో మూలానికి ఎటువంటి మార్పు చేశాడు? ఎందుకు?
3. సంఖ్యను పద్యంలో చెప్పటం వల్ల కలిగే ప్రయోజనమేమి?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. చదరంగపు గళ్ళ లెక్క ఆధారంగా ఘాతవృద్ధి స్వభావాన్ని వివరించండి.
2. శాస్త్రానికి, కవిత్వానికి గల సంబంధాన్ని పావులూరి గణితం ఆధారంగా నిరూపించండి.

ఇ) చేసి చూడండి.
1. చంపకమాల పాదానికి గురులఘువులు గుర్తించి, అది 7,11,600వ వృత్తమని లెక్క కట్టి చూపండి.
2. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఆ ఛందంలో సాధ్యమయ్యే వృత్తాలెన్ని? వాటిలో ఉత్పలమాల ఎన్నవది?